మిద్దె మీద ఏం వేయాలి, రైతు బజార్లో ఏం కొనాలి: హైదరాబాద్‌లో దగ్గరి పంట తినాలనుకునేవాళ్ళకు దశలవారీ మార్గదర్శి

మిద్దె తోట గురించి అడిగేవాళ్ళ మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఏ విత్తనాలు కొనమంటారు?" విత్తనాల సంగతి ఈ వ్యాసంలో ఐదో మెట్టులో వస్తుంది. అంతకుముందు చూసుకోవాల్సినవి నాలుగున్నాయి. వాటిని దాటేసి నేరుగా విత్తనాల దగ్గరికి వెళ్ళిన తోటలు చాలావరకు మే నెలలో ఎండిపోతాయి, లేదంటే కింది ఫ్లోర్ వాళ్ళతో గొడవకు దారితీస్తాయి.

ఇంకో మాట. సిటీలో ఉంటూ అన్నీ మనమే పండించుకోవాలని కూర్చుంటే ఆరు నెలల్లో విసుగొస్తుంది. కొన్ని పండించుకుందాం, కొన్ని దగ్గరి రైతుల దగ్గర కొందాం, మిగతావి మామూలుగా తెచ్చుకుందాం. అందుకే ఇందులో తోట గురించీ, సంత గురించీ ఉంటుంది.

1. ముందు కాగితం మీద మూడు గళ్ళు గీయండి

మీ ఇంట్లో వారానికి ఏ కూరగాయ ఎంత అవుతుందో రాయండి. తర్వాత వాటిని మూడు గళ్ళలో సర్దండి.

- పైన పండేవి: ఆకుకూరలు, పుదీనా, కరివేపాకు, పచ్చిమిర్చి, నాలుగైదు వంగ మొక్కలు, ఒకటో రెండో సొర, బీర తీగలు.
- దగ్గరి రైతుల దగ్గర కొనేవి: టమాటా, బెండ, దొండ, చిక్కుడు, గోరుచిక్కుడు, చలికాలంలో క్యారెట్, క్యాబేజీ. చేవెళ్ళ, వికారాబాద్, శంకర్‌పల్లి, శామీర్‌పేట, ఇబ్రహీంపట్నం వైపు నుంచి వస్తాయి.
- దూరం నుంచి వచ్చేవి: ఉల్లి, బంగాళాదుంప, వెల్లుల్లి. వీటి గురించి బుర్ర పాడుచేసుకోకండి.

టమాటా రెండో గడిలో ఎందుకుందని అనుమానం రావచ్చు. లెక్క చూడండి. 20 లీటర్ల బకెట్లో పెరిగిన మొక్క, బాగా కాస్తే, జీవితకాలంలో రెండు కిలోల దాకా ఇస్తుంది. వారానికి మూడు కిలోలు వాడే ఇంటికి రెండు నెలల కాపులో 24 కిలోలు కావాలి. అంటే ఒకేసారి 12 మొక్కలు కాస్తూ ఉండాలి, వాటి వెనక ఇంకో 12 ఎదుగుతూ ఉండాలి. సరదాకు రెండు మొక్కలు వేసుకోండి, అవసరానికి మాత్రం కొనుక్కోండి. ఆకుకూరల లెక్క వేరు. రెండడుగుల ట్రే ఒక్కటి చాలు, నెల తిరిగేలోపు రెండు పూటల పప్పుకు సరిపడా తోటకూర ఇస్తుంది.

2. మిద్దె ఎంత బరువు మోస్తుందో తేల్చుకోండి

అందరూ దాటేసే మెట్టు ఇది. మనుషులు తిరిగే సమతల పైకప్పుకు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల అదనపు బరువు లెక్కగట్టాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెబుతుంది. చదరపు అడుగుకైతే 14 కిలోలు. ఆ లెక్కలోనే మనుషులు, కుండీలు, తడి మట్టి, వాననీళ్ళు అన్నీ రావాలి.

ఇటుకలతో మడి కట్టి అడుగు లోతు మట్టి నింపారనుకోండి. ఒక చదరపు మీటరులో 300 లీటర్ల మట్టి పడుతుంది. తడిసిన ఎర్రమట్టి ఒక్కటే అయితే 450 కిలోలు దాటుతుంది. తేలిక మిశ్రమం వాడినా 300 దాటుతుంది. రెండూ ఎక్కువే. వీడియోల్లో చూసి ఇటుక మడులు కట్టే ముందు ఈ అంకెలు గుర్తుంచుకోండి.

ఏం చేయాలంటే:

- ఆకుకూరలకు ఆరంగుళాల లోతు ట్రేలు వాడండి. మిద్దె మధ్యలో ఇవే ఉండాలి.
- బరువైన డ్రమ్ములను కింద పిల్లర్లు, బీములు ఉన్నచోటే పెట్టండి. బీములు ఎక్కడున్నాయో కింది గదుల్లో పైకి చూస్తే తెలుస్తుంది.
- 20 లీటర్ల బకెట్లు చదరపు మీటరుకు నాలుగుకు మించొద్దు.
- పిట్టగోడ మీద ఏదీ పెట్టొద్దు. ఈదురుగాలికి కింద పడితే మొక్క పోవడం కాదు, మనిషి పోతాడు.
- బిల్డింగ్ పాతదైతే, పెచ్చులు ఊడుతుంటే స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించాకే మొదలుపెట్టండి.
- అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్ అనుమతి కాగితం మీద తీసుకోండి. నోటిమాట అధ్యక్షుడు మారగానే మారిపోతుంది.

ఆ తర్వాత లీకేజీ పరీక్ష. నీళ్ళు పోయే గొట్టాలకు గుడ్డ కుక్కి, మిద్దె మీద అంగుళం ఎత్తు నీళ్ళు నింపి 24 గంటలు వదిలేయండి. మర్నాడు కింద సీలింగ్ చూడండి.

నేను ఈ పరీక్ష చేయలేదు. మూడో నెలలో కింది ఫ్లోర్ ఆంటీ పిలిచి కాఫీ ఇచ్చి, బెడ్‌రూమ్ సీలింగ్ చూపించింది. మ్యాప్‌లా తడి మచ్చ. ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధ. ముప్పై కుండీలు ఒకపక్కకు జరిపి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, ఆరాక మళ్ళీ సర్దేసరికి ఒక సీజన్ పోయింది. కుండీలన్నీ ఇప్పుడు ఇనుప స్టాండ్ల మీదో ఇటుకల మీదో మూడు నాలుగు అంగుళాల ఎత్తులో ఉంటాయి. అడుగున గాలి ఆడుతుంది, చీపురు దూరుతుంది.

3. ఎండ, నీళ్ళు చూసుకోండి

ఒక ఆదివారం పొద్దున 8కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి మిద్దె ఫొటో తీయండి. ఎక్కడ ఎన్ని గంటలు ఎండ పడుతోందో తేలిపోతుంది. కాయగూరలకు ఆరు గంటలు కావాలి, ఆకుకూరలకు మూడు నాలుగు చాలు. దక్షిణం వైపు పెద్ద బిల్డింగ్ ఉంటే డిసెంబరులో దాని నీడ బాగా ముందుకొస్తుంది. జూన్‌లో చూసి మురిసిపోవద్దు.

మిద్దె లేనివాళ్ళకు తూర్పు బాల్కనీ బాగా పనికొస్తుంది. పుదీనా, మెంతి, కొత్తిమీర, తోటకూర హాయిగా వస్తాయి.

నీళ్ళ విషయానికొస్తే, ఎండాకాలంలో 20 లీటర్ల బకెట్టుకు రోజుకు లీటరున్నర దాకా పడుతుంది. ముప్పై బకెట్లంటే 45 లీటర్లు. ఆ నీళ్ళు మే నెలలో ఎక్కణ్ణుంచి వస్తాయో ఇప్పుడే ఆలోచించుకోండి.

- ఏసీ నుంచి కారే నీళ్ళు వాడొచ్చు, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు.
- ఆర్వో ఫిల్టర్ వదిలేసే నీళ్ళు పోయకండి. ఉప్పు పేరుకుని ఆకుల అంచులు మాడతాయి.
- బోరు నీళ్ళతో మట్టి మీద తెల్లపొర కడుతుంటే పైన అంగుళం మట్టి గీకేసి కంపోస్టు వేయండి. వానాకాలంలో వాన నేరుగా పడనిస్తే ఉప్పు చాలావరకు కొట్టుకుపోతుంది.

4. మట్టి మిశ్రమం: ఇక్కడ తొందరపడొద్దు

పది బొచ్చెల కొలత చెబుతాను.

- ఎర్రమట్టి: 3
- బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు: 3
- కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి): 3
- ఇసుక లేదా వరి ఊక: 1
- 20 లీటర్ల బకెట్టుకు పిడికెడు వేపపిండి

కోకోపీట్ ఐదు కిలోల ఇటుక నానితే 60 లీటర్లకు పైగా అవుతుంది. నానబెట్టిన నీళ్ళు ఒకటికి రెండుసార్లు పారబోయండి. అందులో ఉప్పు ఉంటుంది, కడగకుండా వాడితే లేత మొక్కలు ఎర్రబారి ఆగిపోతాయి.

పశువుల ఎరువు కొనేటప్పుడు ముక్కుతో, చేత్తో చూడండి. పేడ వాసన వచ్చినా, కుప్పలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలినా అది ఇంకా చివకలేదు. పచ్చి ఎరువు వేళ్ళను కాల్చేస్తుంది, కలుపు గింజల్నీ వేరుపురుగునూ తెస్తుంది. నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసన వస్తుంటేనే బస్తా ఎత్తించండి.

అన్నీ కలిపి కొద్దిగా తడిపి, నీడలో పది పదిహేను రోజులు కప్పి ఉంచండి. తర్వాత పిడికిట్లో గట్టిగా నొక్కండి. ముద్ద కట్టి, వేలితో తడితే విడిపోవాలి. ముద్దలాగే ఉండిపోతే ఇసుక తక్కువైంది. ముద్దే కట్టకపోతే మట్టి తక్కువైంది.

కుండీల కొలతలు: ఆకుకూరలకు 6 నుంచి 8 అంగుళాల లోతు, మిర్చి, వంకాయలకు 15 నుంచి 20 లీటర్ల బకెట్, సొర, బీర, కాకర తీగలకు కనీసం 40 లీటర్ల టబ్బు. అడుగున నాలుగైదు రంధ్రాలు చేసి, వాటి మీద పెంకు ముక్కో కొబ్బరి పీచో వేయండి. సగానికి కోసిన పాత డ్రమ్ములు చవకే గానీ, ముందు వాటిలో ఏం పోశారో అడగండి. కెమికల్ డ్రమ్ము ఎంత కడిగినా తిండి పండించడానికి వద్దు.

5. ఇప్పుడు విత్తనాలు

హైదరాబాద్‌లో మొదలుపెట్టడానికి రెండు మంచి సమయాలున్నాయి: తొలకరి పడ్డాక జూన్, జూలై, వానలు తగ్గాక అక్టోబరు, నవంబరు. కొత్తవాళ్ళకు నేను అక్టోబరే చెబుతాను. చలికాలం తప్పుల్ని క్షమిస్తుంది. మార్చిలో ఉత్సాహంగా దిగినవాళ్ళు మేలో ఖాళీ బకెట్లు అమ్ముకోవడం చాలాసార్లు చూశాను.

విత్తిన రోజు నుంచి కోతకు పట్టే సమయం సుమారుగా ఇదీ:

- మెంతి: 20–25 రోజులు
- తోటకూర: 25–30
- పాలకూర: 30–35
- కొత్తిమీర: 35–45
- బెండ: 45–50
- బీర: 50–55
- టమాటా: నారుకు 25 రోజులు, నాటాక ఇంకో 60–70

మెంతులు, ధనియాలు వంటింట్లోవే వాడొచ్చు. ధనియాలను చెప్పుతోనో అప్పడాల కర్రతోనో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి, ఒక రాత్రి నానబెట్టి చల్లండి. నలపకుండా వేసి "మొలవట్లేదు" అనేవాళ్ళే ఎక్కువ. తోటకూర గింజలు సన్నగా ఉంటాయి, ఇసుకలో కలిపి చల్లితే సమంగా పడతాయి. చీమలు ఎత్తుకుపోతుంటే పక్కన కొంచెం బియ్యపు రవ్వ చల్లండి, అవి దాని వెంట పోతాయి.

ట్రేలన్నీ ఒకే రోజు విత్తకండి. అలా చేస్తే ఒక వారం పాలకూర అందరికీ పంచాలి, తర్వాత నెల ఏమీ ఉండదు. పది పన్నెండు రోజుల తేడాతో ఒక్కో ట్రే విత్తుకుంటూ పోతే ఎప్పుడూ ఏదో ఒకటి కోతకు ఉంటుంది.

నారు సాయంత్రం పూట నాటండి. హైబ్రిడ్ విత్తనాల కాయల్లోంచి గింజలు దాచుకోవద్దు, మళ్ళీ అదే కాయ రాదు. గింజ దాచుకోవాలనుకుంటే నాటు రకాలు వేసుకోండి.

మార్చి నుంచి మే దాకా పాలకూర, మెంతి, కొత్తిమీరలతో కుస్తీ పట్టకండి. బచ్చలి, తోటకూర, గోంగూర వేయండి, పైన 50 శాతం షేడ్ నెట్ (సగం ఎండను ఆపే వల) కట్టండి. మట్టి మీద ఎండుటాకులో కొబ్బరి పీచో రెండంగుళాలు పరవండి.

6. తరచూ ఎదురయ్యే తప్పులు, వాటి విరుగుడు

*మొక్క వాడింది, నీళ్ళు పోసినా లేవట్లేదు.* మట్టిలోకి వేలు రెండు గణుపులు దించండి. తడి తగిలితే మీరు నీళ్ళు ఎక్కువ పోస్తున్నారు, వేరు కుళ్ళుతోంది. రంధ్రాలు మూసుకుపోయాయేమో చూసి, రెండు రోజులు నీళ్ళు ఆపండి. కుండీ మొక్కలు ఎండకంటే నీళ్ళు ఎక్కువైపోయే ఎక్కువగా చస్తాయి.

*సొరకాయ, బీరకాయ పిందెలు పసుపుపచ్చగా మారి రాలుతున్నాయి.* ఐదో అంతస్తుకు తేనెటీగలు రావట్లేదు, మీరే ఆ పని చేయాలి. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది, మగపువ్వుకు ఉత్త కాడే. మగపువ్వు తెంపి, రేకలు తీసి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దండి. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. కాకర, గుమ్మడి పొద్దున్నే. సొర పువ్వు కోసం ఉదయం ఏడుకు మిద్దెక్కితే లాభం లేదు.

*టమాటా కాయ అడుగున నల్లగా కుళ్ళుతోంది.* ఇది పురుగు కాదు, కాల్షియం కాయకు అందకపోవడం. చాలాసార్లు కారణం ఒకరోజు నీళ్ళు పోసి రెండు రోజులు మరిచిపోవడమే. రోజూ ఒకే కొలత పోస్తే కొత్త కాయలు బాగుంటాయి.

*మిర్చి ఆకులు ముడుచుకుపోయాయి.* పైకి ముడిస్తే సాధారణంగా తామర పురుగులు, కిందికి ముడిస్తే నల్లి. రెండూ ఆకు రసం పీల్చే సన్నటి పురుగులు. చివర్లు తుంచేసి మూటగట్టి పారేయండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు ద్రావణం కలిపి ఆకుల అడుగున పడేలా సాయంత్రం కొట్టండి. వారానికోసారి, మూడు వారాలు. మొక్క మొత్తం ముడుచుకుపోయి ఉంటే పీకేయండి. జాలిపడి ఉంచితే పక్క మొక్కలకూ పాకుతుంది.

*తెల్లగా దూదిలా అంటుకుంది.* పిండినల్లి. నీళ్ళ పైపుతో గట్టిగా కొట్టి, తర్వాత పైన చెప్పిన వేపనూనే. చీమలు పైకి పాకుతుంటే వాటినీ ఆపాలి, పిండినల్లిని కాపాడేవి అవే.

*పావురాలు.* మందు లేదు. నైలాన్ వల ఒక్కటే మార్గం. సీడీలు వేలాడదీశాను, రెండు రోజులు భయపడ్డాయి, మూడో రోజు వాటి మీదే కూర్చున్నాయి.

7. తడి చెత్త కంపోస్టు, క్లుప్తంగా

మూతతో, పక్కల రంధ్రాలతో రెండు బకెట్లు చాలు. ఒక వంతు తడి చెత్తకు రెండు వంతులు ఎండుటాకులు వేసి కప్పండి. చివరి పొర ఎప్పుడూ ఎండుటాకులదే. మొదట్లో కాస్త పుల్లటి మజ్జిగ చల్లండి. మొదటి బకెట్ నిండాక పక్కన పెట్టి రెండోది మొదలుపెడితే, 45 నుంచి 60 రోజుల్లో మొదటిది తయారవుతుంది. కంపు కొడితే ఎండుటాకులు తక్కువయ్యాయి. లావుపాటి బూడిదరంగు పురుగులు కనబడితే కంగారుపడకండి, అవి చెత్తను తినిపెట్టేవే. వండిన అన్నం, మాంసం, నూనె వేయకండి, ఎలుకలొస్తాయి.

8. రైతు బజార్లో రైతును కనిపెట్టడం

1999లో మొదలైన రైతు బజార్లు సిటీలో చాలాచోట్ల ఉన్నాయి: ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి, సరూర్‌నగర్, వనస్థలిపురం, ఫలక్‌నుమా, అల్వాల్. రైతుకు గుర్తింపు కార్డు, గేటు దగ్గర ఆరోజు ధరల బోర్డు ఉంటాయి. అయినా లోపల కూర్చున్న ప్రతి ఒక్కరూ రైతే అనుకోకండి.

బోయిన్‌పల్లి పెద్ద హోల్‌సేల్ మార్కెట్. తాజా సరుకు దొరుకుతుంది, అది మాత్రం వేరే రాష్ట్రాల నుంచి కూడా వచ్చి ఉండొచ్చు. తాజా వేరు, దగ్గరి పంట వేరు.

నేను చూసే గుర్తులు:

- ముందు మూడు నాలుగు రకాలే ఉండి, అవీ ఒకే ఋతువువైతే రైతు అయ్యుండొచ్చు. పదిహేను రకాలు, పక్కన క్యాప్సికమ్, బేబీకార్న్ కూడా ఉంటే కొని తెచ్చి అమ్మేవాళ్ళు.
- కాయలన్నీ ఒకే సైజులో ఉండవు. వంకరవి, చిన్నవి కలిసి ఉంటాయి.
- ఆకుకూర కట్ట వేళ్ళకు మట్టి ఉంటుంది, కట్టింది అరటినారతోనో గడ్డితోనో ఉంటుంది. ఇదొక్కటే నమ్ముకోవద్దు.
- అట్టపెట్టెల మీద వేరే ఊరి మార్కెట్ ముద్ర కనబడితే ఇక అడగక్కర్లేదు.

అన్నిటికంటే మాట్లాడటం మేలు. బేరం ముందు కాదు, కొన్నాక అడగండి.

"ఏ ఊరు అమ్మా మీది?"

"షాబాద్ దగ్గర బిడ్డా."

"పాలకూర ఎప్పుడు కోసిండ్రు?"

"నిన్న పొద్దుమూకినంక. తెల్లారగట్ల ఆటోల ఏసుకొచ్చినం."

ఊరు, కోసిన వేళ, ఎక్కిన బండి తడుముకోకుండా చెప్పారంటే మీకు దొరికినట్టే. మూడు వారాలు వరసగా అక్కడే కొనండి. నాలుగో వారం "వచ్చే వారం చిక్కుడు కోతకొస్తది, ఒక కిలో తీసిపెట్టాలా?" అని వాళ్ళే అడుగుతారు.

ఇంకో ప్రశ్న కూడా అడగండి: "బోరు నీళ్ళేనా?" సిటీ దాటాక మూసీ మురుగు నీటితో పండే పొలాలున్నాయి. ఆకుకూరల విషయంలో ఇది పట్టించుకోవాల్సిందే. కడిగి ఉడికిస్తే క్రిములు పోతాయి గానీ, భారలోహాల్లాంటివి కడిగితే పోవు. మొదటి గడిలో ఆకుకూరలు పెట్టుకోమన్నది ఇందుకు కూడా.

9. ఋతువు, లేబుల్

ఏప్రిల్, మేలలో సిటీకి వచ్చే టమాటాలో చాలాభాగం మదనపల్లె వైపుది. చేవెళ్ళ టమాటా కావాలంటే చలికాలం దాకా ఆగాలి. క్యారెట్ డిసెంబరు, జనవరుల్లో దగ్గరిది దొరుకుతుంది, మేలో అడిగితే ఊటీ వైపుదో బెంగళూరు వైపుదో ఇస్తారు. సీతాఫలం సెప్టెంబరు నుంచి నవంబరు దాకా పాలమూరు వైపు నుంచి వస్తుంది. ఈ క్యాలెండరు ఫ్రిజ్ మీద అంటించుకుంటే సగం ప్రశ్నలు అడగక్కర్లేదు.

దగ్గరి పంట, మందులు కొట్టని పంట ఒకటి కాదు. చేవెళ్ళ రైతు కూడా మందు కొట్టొచ్చు. "చివరిసారి మందు ఎప్పుడు కొట్టారు అన్నా?" అని మర్యాదగా అడిగితే చాలామంది నిజమే చెబుతారు.

ప్యాకెట్ల మీద "నాచురల్", "ఫామ్ ఫ్రెష్" అన్న మాటలు సర్టిఫికెట్లు కావు. జైవిక్ భారత్ లాంటి ప్రభుత్వ సేంద్రియ గుర్తు ఉందేమో చూడండి. పీజీఎస్ అంటే రైతులే బృందంగా ఒకరి పొలాన్ని ఒకరు తనిఖీ చేసుకునే సర్టిఫికెట్ పద్ధతి. అందులో పీజీఎస్ ఇండియా గ్రీన్ అంటే ఆ పొలం ఇంకా సేంద్రియంలోకి మారుతోందని, పీజీఎస్ ఇండియా ఆర్గానిక్ అంటే మారడం పూర్తయిందని. రెండింటికీ ఒకే రేటు అడిగితే ఆ తేడా చెప్పి బేరమాడండి.

10. మొదటి నెల పట్టిక

- మొదటి వారం: మూడు గళ్ళ కాగితం, ఎండ ఫొటోలు, లీకేజీ పరీక్ష. రైతు బజారుకు ఒకసారి, కొనడానికి కాదు, చూడ్డానికి.
- రెండో వారం: స్టాండ్లు, ఆరు ట్రేలు, నాలుగు బకెట్లు. అంతకు మించి కొనొద్దు. మిశ్రమం కలిపి మూతపెట్టండి. కంపోస్టు బకెట్ మొదలు.
- మూడో వారం: రైతు బజారుకు పొద్దున ఏడులోపు వెళ్ళి ఇద్దరితో మాట్లాడండి. చిల్లర, గుడ్డ సంచీ మరవకండి.
- నాలుగో వారం: రెండు ట్రేల్లో మెంతి, తోటకూర విత్తండి. మిగతా నాలుగు ట్రేలు ఖాళీగానే ఉంచండి, వాటి వంతు పన్నెండు రోజుల తర్వాత నుంచి, ఒక్కొక్కటిగా.